పై తోట గడిలో వేసిన అంకెలు

జూలై 21

పచ్చికాయ. గింజ కోస్తే పాలు. ఇంకా నెల పైమాటే.

కింది తోటలో మూడు చెట్లు చూశాను, చెట్టుకు రెండు కాయలు. నిలువునా కోసి, కోత మీద కనబడ్డ నిండు గింజలు లెక్కపెట్టాను. తొమ్మిది, ఏడు, తొమ్మిది, పది, ఎనిమిది, తొమ్మిది. తాలు చాలా తక్కువ. ఐదేళ్లకొకసారి పట్టే కాపు ఇది. పైన్ చెట్టుకు పిందె కాయగా ముదరడానికి రెండు వేసవులు కావాలి. ఈ కాయలు నిరుడు పిందెలుగా ఉన్నప్పుడు చెట్టెక్కి లెక్కపెట్టింది మా ఆయనే.

పై తోటకు వెళ్లలేదు. కత్తి మొద్దుబారింది. రేపు వెళ్తాను.

జూలై 22

కత్తి సానబెట్టాను. వాన.

జూలై 24

ఆఫీసు నుంచి హడావిడి సార్ ఫోన్ చేశారు. అసలు పేరు కన్నా మేం పెట్టిన ఈ పేరే ఆయనకు నప్పుతుంది.

"ఏమ్మా, కోత ఎప్పుడో చెప్తే లారీ మాట్లాడేస్తాను."

"సార్, గింజలో ఇంకా పాలే ఉన్నాయి."

"పాలంటే, ఓ వారం పట్టొచ్చా?"

"పాలు గట్టిపడి, మధ్యలో మొలక దారం చివరిదాకా నిండాలి సార్. తొందరపడి కోస్తే మొలవవు. ఆలస్యమైతే కాయ విచ్చుకుని గాలికి ఎగిరిపోతాయి. నడిమధ్య పది రోజులే మనవి."

"ఆ పది రోజులు ఏవో నువ్వే చెప్పాలి తల్లీ" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పై తోట మీదే కదా మన ఆశంతా" అన్నారు.

తెలుసు. తుప్పు తెగులు తగిలి ఎదురుకొండ మీద అడవంతా బూడిదరంగుకు తిరిగినా, పై తోటలో ముప్పై రెండు ముసలి చెట్లు చెక్కుచెదరలేదు. వాటి గింజ మొలిస్తేనే ఎదురుకొండ మళ్లీ పచ్చబడేది. ఆరు నర్సరీల వాళ్లు మళ్లు సిద్ధం చేసుకుని కూర్చున్నారు.

"పైన ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"బాగుంది సార్" అన్నాను.

జూలై 28

రిజిస్టర్లో వారానికి రెండు గళ్లు. కింది తోట, పై తోట. ఒకటి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగుండదు. కింది తోట అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చి పై తోట గడిలో వేశాను. పెన్సిల్‌తోనే రాశాను. వెళ్లి చూశాక సరిచేస్తాను.

జూలై 29

అత్తయ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం ఏమైనా ఉందా?"

"లేదత్తయ్యా."

"తలనొప్పా?"

"ఏం లేదు."

"అదే నా బాధ. నీకు ఏమీ లేదు. నాలుక కాలినా ఏమీ లేదంటావు."

నిజంగానే పొద్దున టీ తాగితే నాలుక కాలింది. ఆవిడ చెప్పాక తెలిసింది.

ఆగస్టు 2

మా మరిది వెనక వరండాలో తాళ్లు ఉతుకుతున్నాడు. వాళ్లన్నతో కలిసి తొమ్మిదేళ్లు చెట్లెక్కాడు. మే నెల తర్వాత ఎక్కింది లేదు. తాళ్లు మాత్రం వారానికొకసారి ఉతికి, జానెడు జానెడు చొప్పున వేళ్లతో తడిమి చూసి, మళ్లీ చుట్ట చుడతాడు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఎందుకురా అవి? ఈ ఇంట్లో ఇక చెట్టెక్కేవాడు లేడు" అంది.

"సంచులు కట్టడానికమ్మా" అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లాక నావైపు చూసి, "నువ్వు తేదీ చెప్పు వదినా. ఆ రోజు ఎక్కుతా" అన్నాడు. చెప్తానన్నాను.

ఆగస్టు 4

రిజిస్టర్ రాశాను. రెండు గళ్లూ.

ఆగస్టు 6

ఆఫీసు వాళ్లు అవిసె నూనె డబ్బా తెచ్చారు. కాయ ముదిరిందో లేదో ఇందులో వేస్తే తెలిసిపోతుంది. పచ్చికాయ నీళ్లతో బరువెక్కి మునిగిపోతుంది, పండినకొద్దీ ఎండి తేలికై పైకి తేలుతుంది. కింది తోట కాయలు ఆరూ మునిగాయి. గింజలో పాలు చిక్కబడ్డాయి, లేత కొబ్బరిలా ఉంది. మొలక దారం సగం దాకా వచ్చింది.

పై తోటకు కాలిబాట బురదగా ఉందని విన్నాను. ఎవరు చెప్పారో గుర్తులేదు.

ఆగస్టు 11

పెన్సిల్ కనబడలేదు. పెన్నుతో రాశాను.

ఆగస్టు 12

మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లో గట్టిగా ఏడ్చింది. ఆవిడకు ఏడుపు వస్తే అడ్డూ ఆపూ ఉండదు. ఏడుస్తూనే కూరగాయలు తరిగింది, ఏడుస్తూనే బల్ల తుడిచింది. ఏడుపయ్యాక ముఖం కడుక్కుని వచ్చి పక్కింటావిడతో చెత్తబుట్ట గురించి పోట్లాడింది. ఆ తర్వాత ఆకలేస్తోందని నాలుగు ముద్దలు తింది.

నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని చూశాను. ఆవిడను చూస్తే అసూయగా అనిపించాలి. అదీ అనిపించలేదు.

ఆగస్టు 14

ఈ ఏడు వానలు ఎక్కువ. కాబట్టి పై తోట, కింది తోట ఒకేసారి పండుతాయి.

ప్రతి కాపుకూ పై తోటే పది పన్నెండు రోజులు ముందు. అది ఎండకు ఎదురుగా ఉన్న వాలు, రాతినేల, నీరు నిలవదు. కింది తోట వాగు పక్కన చల్లగా, బద్ధకంగా పండుతుంది. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఎవరికైనా చెప్తారు. చేరినవాళ్లకు చెప్పేది నేనే.

కానీ ఈ ఏడు వానలు ఎక్కువ.

ఆగస్టు 16

ఏమీ లేదు.

ఆగస్టు 18

రాసేస్తే ఒక పని అయిపోతుంది.

మే తొమ్మిదిన ఆయన పై తోటలో కాయలు లెక్కపెట్టి వచ్చారు. అంకె నాకు మరీ ఎక్కువనిపించింది. "ఇన్నుండవు. మళ్లీ ఒకసారి లెక్కపెట్టి రండి" అన్నాను. "నా లెక్క మీద నమ్మకం లేకపోతే నువ్వే ఎక్కు మరి, మోకాలు నొప్పని ల్యాబ్‌లో కూర్చున్నావు గానీ నాకన్నా నువ్వే బాగా ఎక్కేదానివి" అని నవ్వారు. టీ కూడా తాగకుండా వెళ్లారు. తొమ్మిదో చెట్టు. కొమ్మ విరిగింది. అంతే.

కింది తోట కాపును బట్టి చూస్తే ఆయన మొదటి లెక్కే సరై ఉంటుంది.

ఇది రాస్తే ఏడుపొస్తుందనుకున్నాను. చేతిరాత బాగానే ఉంది. నిలువు గీతలు కూడా వంకరపోలేదు.

పై తోటలో కాయ చూడ్డానికి చెట్టెక్కనక్కర్లేదు. బండ మీద నిలబడి పొడుగాటి కొక్కెం కర్రతో లాగితే నాలుగు చెట్ల కాయలు అందుతాయి. ఇంటి నుంచి నలభై నిమిషాల నడక. నాకు తీరిక దొరకడం లేదు.

ఆగస్టు 21

వానలు పోయి ఐదారు రోజులైంది. వేడిగాలి మొదలైంది.

కింది తోట కాయల్లో రెండు తేలాయి, నాలుగు మునిగాయి. మొలక పదింట ఎనిమిది వంతులు నిండింది. ఇంకో రెండు వారాలు. హడావిడి సార్‌కి ఫోన్ చేసి సెప్టెంబరు ఆరు అని చెప్పాను.

"రెండు తోటలకూనా?"

"రెండింటికీ సార్."

"పై తోట ముందు కొయ్యాలనేదానివి కదమ్మా ఎప్పుడూ?"

"ఈ ఏడు వానలు ఎక్కువ సార్."

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అన్నారు. లారీ, ఎనిమిది మంది మనుషులు, నూట ఇరవై సంచులు. ఫోన్లోనే ఒక్కొక్కటీ పైకి చదువుతూ రాసుకున్నారు. చాలా సంబరంగా ఉన్నారు.

మరిదికి చెప్పాను. "సెప్టెంబరు ఆరా?" అన్నాడు. మళ్లీ అడిగాడు, "ఆరేనా?" ఆరే అన్నాను.

ఆగస్టు 24

గాలి ఆగలేదు. ఉతికిన బట్టలు గంటలో పెళపెళలాడుతున్నాయి.

ల్యాబ్ పైకప్పు మీద వారం నుంచి ఉడతల సందడి లేదు. ఎటో పైకి పోయినట్టున్నాయి. ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 25

రిజిస్టర్. పై తోట గడిలో "పచ్చికాయ, తేలినవి ఒకటి" అని రాశాను. ఒకటి అని ఎందుకు రాశానో తెలియదు. సున్నా కన్నా నమ్మకంగా ఉంటుందనేమో.

ఆగస్టు 27

సాయంత్రం టీ వేళ అత్తయ్య మరిది చొక్కాలు ఉతకడానికి తీసి, జేబులు దులుపుతూ, "ఇవేమిటే? వీడి కాలర్ నిండా ఈగ రెక్కలు" అంది. బల్ల మీద రాల్చింది.

ఈగ రెక్కలు కావు. పైన్ గింజలు. పల్చటి గోధుమరంగు రెక్క, చివర గింజ. పదకొండు ఉన్నాయి. ఒక్కటి గోటితో నొక్కాను. గట్టిగా ఉంది. కత్తి తెచ్చి కోశాను. ముదురు కొబ్బరి. మొలక ఈ కొస నుంచి ఆ కొసకు.

కింది తోటలో ఒక్క కాయా విచ్చుకోలేదు. ఆ జాతి చెట్లు ఈ కొండ మీద ఇంకొక్క చోటే ఉన్నాయి.

"ఏమైందే, మళ్లీ ఏమీ లేదా?" అంది అత్తయ్య.

మరిది గుమ్మంలో నిలబడి బల్ల మీది గింజల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"రేపు పొద్దున్నే కొక్కెం కర్ర తీసుకురా. తాళ్లు కూడా" అన్నాను.

ఆగస్టు 29

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వేళ్లు వంగడం లేదు.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. కాలిబాట పొడిగా ఉంది. బురద జాడే లేదు. మలుపు తిరగ్గానే ఎండలో ఏవో మెరుస్తూ గిరగిర తిరుగుతూ దిగుతున్నాయి. చూడ్డానికి చాలా అందంగా ఉంది. అదంతా మా విత్తనం.

ముప్పై రెండు చెట్లూ ఒక్కొక్కటే తల ఎత్తి చూసుకుంటూ తిరిగాను. ఇరవై ఐదు చెట్లలో కాయలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కర్రతో ఒకటి లాగి నేలకేసి కొడితే రెండు గింజలు రాలాయి. డెబ్భై ఉండాల్సిన చోట. తొమ్మిదో చెట్టు కింద కాసేపు ఆగాను. దాని కాయలూ ఖాళీయే. అక్కడ కూడా నాకేమీ అనిపించలేదు. ఏదో అవుతుందని మూడున్నర నెలలు తప్పించుకు తిరిగిన చోటు అది. చెట్టు, దాని కింద ఆకులు, అంతే.

నీడవైపు ఏడు చెట్లకు ఇంకా మూసిన కాయలున్నాయి. ఒకటి కోశాను. గింజ ఇవాళే కొయ్యమంటోంది. పొలుసుల అంచులు అప్పుడే పొడిబారుతున్నాయి. ఇదే గాలి ఉంటే రెండు రోజులు, మహా అయితే మూడు.

"మొదటివి ఎప్పుడు విచ్చుకున్నాయో!" అన్నాను, నాలో నేనే.

"పద్దెనిమిదిన" అన్నాడు మరిది.

"నీకెలా తెలుసు?"

"రోజూ వస్తున్నా వదినా. అన్నయ్య దగ్గర, ఆ తొమ్మిదో చెట్టు కింద కూర్చుని వెళ్తున్నా."

"మరి చెప్పలేదేం?"

నేలకేసి చూస్తూ చెప్పాడు. "రిజిస్టర్లో నువ్వు పచ్చికాయ అని రాశావు, చూశాను. నువ్వు రావడం లేదని అప్పుడే తెలిసింది. చెప్తే నువ్వు రావాల్సొస్తుంది. నేను ఎక్కాల్సొస్తుంది. రాలిపోతే ఎవరూ ఎక్కక్కర్లేదు కదా అనుకున్నా."

తిట్టాలి. ఏ మొహం పెట్టుకుని తిట్టను? పచ్చికాయ అని నేను రాశాను, అది అబద్ధమని తెలిసీ వాడు ఊరుకున్నాడు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, ఒకరికొకరు చెప్పుకోకుండా ఐదేళ్ల కాపును పోగొట్టాం.

బండ మీదికెక్కితే ఫోన్ పలుకుతుంది. హడావిడి సార్‌కి చేశాను. "సార్, పై తోట రాలిపోయింది. ఏడు చెట్లే మిగిలాయి. మే నుంచి నేను ఇక్కడికి రాలేదు. రిజిస్టర్లోవి నేను కల్పించి వేసిన అంకెలు."

ఆయన కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"గాలికి రాలిందని రాద్దామా అమ్మా?"

"వద్దు సార్. నేను చూడలేదనే రాయండి."

"మనుషులు ఎల్లుండి సాయంత్రానికి గానీ రారు. ఎలా మరి?" అన్నారు. ఆ గొంతులో తొందర లేదు. పెద్దవాడిలా వినిపించారు.

చూస్తానన్నాను.

మరిది నడుముకు పట్టా కట్టుకున్నాడు. తాడు విసిరి కొమ్మకు వేశాడు. ముడి సరిగా పడలేదు. విప్పి మళ్లీ వేశాడు. మూడోసారి కూడా కుదరకపోయేసరికి చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. "నా వల్ల కాదు వదినా. కోప్పడకు."

కోప్పడలేదు. పట్టా విప్పి ఇమ్మన్నాను. నేను ఎక్కి పదకొండేళ్లయింది. మోకాలు ఒప్పుకుంటుందో లేదో తెలియదు. వాడు వద్దన్నాడు, అమ్మ చంపేస్తుందన్నాడు. తాడు గట్టిగా పట్టుకో చాలన్నాను.

ఎక్కడం మర్చిపోయేది కాదు. ఒక కాలు, ఒక చెయ్యి, తాడు, ఊపిరి. కాయలు కొసన ఉంటాయి కాబట్టి చివరిదాకా వెళ్లాలి. పదిహేను మీటర్ల ఎత్తులో గాలికి చెట్టు మొత్తం ఊగుతోంది. కాయలు తుంచి మెడలోని సంచిలో వేసుకుంటున్నాను. ఎంతసేపు చేశానో, లెక్కపెట్టుకుంటూ, ఏమీ అనిపించకుండా. నూట పదో, నూట పన్నెండో అయ్యాక కుడికాలి కింద కొమ్మ విరిగింది.

తాడు పట్టింది. రెండడుగులు కూడా జారలేదు. కానీ నా రెండు చేతులూ నన్ను అడక్కుండానే చెట్టును వాటేసుకున్నాయి. పడిపోతానేమో అనిపించింది. పడకూడదు అనిపించింది. నేను పడిపోకూడదు. నాకు బతకాలని ఉంది. ఇంత భయం నా ఒంట్లో ఎక్కడ దాక్కుందో! ఆయనకూ ఇలాగే అనిపించి ఉంటుంది, ఆ ఒక్క క్షణం. ఆయనకు తాడు పట్టలేదు.

అప్పుడు ఏడ్చాను. చెట్టుకు బుగ్గ ఆనించి, జిగురంతా ముఖానికి అంటుకుంటుంటే, అత్తయ్య ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చాను. మళ్లీ లెక్కపెట్టి రమ్మన్నానండీ, నేనే రమ్మన్నాను అని పైకే అన్నాను.

"వదినా! ఏమైంది? దెబ్బ తగిలిందా?" కింద నుంచి మరిది అరిచాడు.

"లేదు, ఏడుస్తున్నా! నువ్వు తాడు వదలకు!"

"వదల్లేదు, ఏడువు!" అన్నాడు. కింద నుంచి తాడు ఇంకాస్త బిగిసింది.

ఏడుస్తూనే మిగిలిన కాయలు కోశాను.

రెండో చెట్టూ నేనే ఎక్కాను. మూడోదానికి మరిది పట్టా తీసుకుని కట్టుకున్నాడు. ముడి ఒక్కసారికే పడింది. వాడు పైన ఉన్నంతసేపూ తాడు పట్టుకున్న నా చేతులు చెమటతో నానిపోయాయి. ఎక్కినప్పటికన్నా అప్పుడే ఎక్కువ భయపడ్డాను. వాడు దిగేదాకా తిట్టుకుంటూ ఉన్నాను, ఎవరినో తెలియదు.

నిన్న నాలుగు చెట్లు, ఇవాళ మూడు. మొత్తం పద్దెనిమిది సంచులు, గాలాడేలా సగం సగం నింపి నీడలో వేలాడదీశాం. ఆరు నర్సరీల్లో ఒకదానికి సరిపోతుందేమో. మిగతా ఐదింటికీ నేనే ఫోన్ చేసి చెప్తానన్నాను. రిజిస్టర్లో పై తోట గళ్లన్నీ, జూలై నుంచి వేసినవి, కొట్టేసి ఒక్కో దాంట్లో "చూడలేదు" అని రాశాను. పెన్నుతోనే.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్లగానే అత్తయ్య మా ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసింది. జిగురు, గీతలు, చీరుకుపోయిన మోచేతులు. కొడుకును లోపలికి పొమ్మంది. నన్ను కూర్చోబెట్టి, నూనె గిన్నె తెచ్చి, నా అరచేతుల మీది జిగురు రుద్దడం మొదలుపెట్టింది. ఆ రుద్దడంలో చాలా కోపం ఉంది.

"ఎవరెక్కారు?"

"ఇద్దరం."

"ఎంత ఎత్తు?"

చెప్పాను. ఆవిడ వేళ్లు ఆగాయి. ఇక మొదలవుతుందనుకున్నాను. తిట్లు, శాపనార్థాలు, అన్నిటికీ సిద్ధపడ్డాను.

"భయం వేయలేదూ?" అంది.

"వేసింది అత్తయ్యా. చాలా భయమేసింది. పైన కూర్చుని ఏడ్చేశాను."

అత్తయ్య నా ముఖంలోకి చూసింది. ఆవిడ కళ్లు నిండిపోయాయి.

"హమ్మయ్య" అంది.